నెలకి రెండొందలు: మా గ్రూపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా చేరేవాళ్లు, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు, ఇంట్లో వాళ్లకి ఏం చెప్పాలో తెలియనివాళ్లు ఎక్కువగా అడిగేవన్నీ ఒక్కచోట రాశాం. కొన్నిటికి జవాబులు పెద్దగా ఉన్నాయి, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే డబ్బు విషయంలో సగం సగం అర్థమై చేరడం మీకూ మంచిది కాదు మాకూ మంచిది కాదు.

అసలు మీరు చేసేది ఏంటి?

రాజమండ్రిలోను, చుట్టుపక్కల ధవళేశ్వరం, కడియం, కొవ్వూరు వైపు ఉండేవాళ్లం కొంతమంది, ఇక్కడ పుట్టిపెరిగి హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు ఇంకొంతమంది కలిసి నెలకి తలా రెండొందల రూపాయలు ఇక్కడి చిన్న సేవా సంస్థలకి ఇస్తాం, అంతే. వృద్ధాశ్రమాలు, పిల్లల హోములు, మానసిక ఎదుగుదల లేని పిల్లల స్కూళ్లు, అప్పుడప్పుడు గవర్నమెంటు బడి. ఏ నెల ఎవరికి ఇవ్వాలో అందరం కలిసి తేల్చుకుంటాం, ఇచ్చాక ఆ డబ్బు దేనికి ఖర్చయిందో వెళ్లి చూసొచ్చి అందరికీ చెప్తాం.

ఈ ఊరికి ఇది కొత్తేం కాదండి. కందుకూరి వీరేశలింగం గారు తన ఆస్తంతా తను పెట్టిన సేవా సంస్థ హితకారిణీ సమాజానికి రాసిచ్చేసిన ఊరు ఇది. గోదావరికి అవతల లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా వండిపెట్టారని మన బామ్మలు చెప్తూనే ఉంటారు. వాళ్లలా అంతా ఇచ్చేయడం మన వల్ల అయ్యే పని కాదు, కానీ నెలకి రెండొందలు అవుతుంది కదా.

రెండొందలతో ఏం ఒరుగుతుందండి?

అందరూ అడిగేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం. వంద మంది రెండొందలు ఇస్తే నెలకి ఇరవై వేలు, ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. ఇందులో ఎవరికీ ఇంటి బడ్జెట్ తల్లకిందులు అవ్వదు. సరే ఇది లెక్క, కానీ అసలు సంగతి లెక్కలో లేదు, *నెలనెలా* రావడంలో ఉంది.

చిన్న ఆశ్రమం నడిపే ఎవర్నైనా అడిగి చూడండి, వాళ్ల తలనొప్పులన్నీ నెలవారీవే. కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది, ఇంటి అద్దె నెలనెలా కట్టాలి, ఆయాకి జీతం ఒకటో తారీఖున ఇవ్వాలి, బీపీ షుగరు మాత్రలు నెలకి సరిపడా కొనాలి. డబ్బు మాత్రం అలా రాదు. ఒకాయన వచ్చి పాతికవేలు ఇచ్చి వెళ్తాడు, ఆ తర్వాత మూడు నెలలు ఎవరూ రారు. ఆ మూడు నెలలూ కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతూ ఉంటుంది, మెడికల్ షాపువాడు మొహం చాటేస్తాడు. వచ్చే నెల ఇంత వస్తుందని ముందే తెలిస్తే వాళ్లు బియ్యం బస్తాల లెక్కన హోల్‌సేల్లో కొనుక్కోగలరు, ఆయా మానేయకుండా నిలబెట్టుకోగలరు. అందుకే మేం ఒకసారి ఒక సంస్థని ఒప్పుకున్నాక కనీసం ఆరు నెలలు ఇస్తాం, మధ్యలో ఆపం. అంటే నెలనెలా తేల్చుకునేది ఎక్కువగా ఆరు నెలలు నిండినవాళ్ల స్థానంలో ఎవరిని తీసుకోవాలా అన్నది.

వేన్నీళ్లకి చన్నీళ్లు తోడు అంటారు చూడండి, ఆ తోడు ప్రతి నెలా ఉంటుందని నమ్మకం కలిగించడమే మా పని.

డబ్బులు ఎవరి అకౌంట్లో వెయ్యాలి?

ఎవరి అకౌంట్లోనూ కాదు, సంస్థ అకౌంట్లోనే. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు, మరి గ్రూపు ఎందుకు అని అడుగుతారు. మేం పోగు చేసేది నిర్ణయాన్ని అండి, క్యాష్‌ని కాదు. ప్రతి నెల ఆఖరి ఆదివారం రాత్రి వచ్చే నెల ఏ సంస్థకో గ్రూపులో ఖాయం చేస్తాం, దాని బ్యాంకు అకౌంట్ వివరాలు పెడతాం, ఒకటి నుంచి ఐదో తారీఖు లోపల ఎవరి ఫోన్‌పే నుంచో గూగుల్ పే నుంచో వాళ్లే నేరుగా పంపిస్తారు, పంపాక షీట్‌లో తమ పేరు ఎదురుగా టిక్ పెడతారు. ఆరో తారీఖున మాలో ఒకళ్లు ఆ సంస్థకి వెళ్లి వాళ్ల పాస్‌బుక్‌లో పడ్డదీ మన షీట్‌లో ఉన్నదీ సరిచూస్తారు.

ఇలా పెట్టుకోవడానికి రెండు కారణాలు. మొదటిది మనుషుల సంగతి. ఎంత మంచివాడైనా నలుగురి డబ్బు ఒకడి దగ్గరుంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు, స్నేహాలు చెడతాయి, ఊళ్లో వినాయక చవితి చందాల దగ్గర నుంచి అపార్టుమెంటు మెయింటెనెన్స్ దాకా మనం చూస్తున్నదే. రెండోది పన్ను. ఒక మనిషి అకౌంట్లోకి ఏడాదిలో యాభై వేలకి మించి దగ్గరి బంధువులు కానివాళ్ల నుంచి ఊరికే డబ్బు వస్తే, ఆ మొత్తమంతా ఇతర ఆదాయం కింద పన్ను లెక్కలోకి వచ్చే వీలుంది. అది నాది కాదండి, ఆశ్రమానిదండి అని కాయితాలతో నిరూపించుకోవచ్చు, కానీ మంచిపని చెయ్యబోయి ఆ తిప్పలు ఎవరికి కావాలి.

చిన్న అత్యవసర నిధి ఒకటి మాత్రం ఉంది. ఆశ్రమంలో మోటారు కాలిపోయింది, ఫ్రిజ్ పోయింది లాంటి వాటికి. అది ముగ్గురి పేరు మీద జాయింట్ అకౌంటు, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి వస్తుంది, దానికి కార్డు గానీ యూపీఐ గానీ పెట్టలేదు, కావాలనే పెట్టలేదు. ఆ ఖాతాలో ఏడాది మొత్తానికి పడేది ఆ యాభై వేల లోపలే ఉండేట్టు చూసుకుంటాం, స్టేట్‌మెంట్ ప్రతి మూడు నెలలకీ గ్రూపులో పెడతాం.

సంస్థలని ఎలా ఎంచుకుంటారు? దొంగ సంస్థ అయితే?

అపాత్రదానం అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ముందు కాయితాలు చూస్తాం, తర్వాత మనుషుల్ని చూస్తాం, రెండోది ముఖ్యం.

కాయితాలంటే, సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్ట్రేషన్, సంస్థ పేరు మీదే పాన్ కార్డు, సంస్థ పేరు మీదే బ్యాంకు అకౌంటు. వ్యవస్థాపకుడి సొంత అకౌంట్ నంబరు ఇచ్చి ఇందులో వెయ్యండి అంటే అక్కడితో మాట ఆపేస్తాం, ఆయన ఎంత పెద్దమనిషైనా సరే. నీతి ఆయోగ్ వాళ్ల ఎన్జీఓ దర్పణ్ పోర్టల్లో పేరు ఉందేమో చూస్తాం, ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, అది గవర్నమెంటు ఇచ్చే సర్టిఫికెట్ కాదు, వాళ్లు ఇచ్చిన వివరాలు ఒక్కచోట దొరుకుతాయి అంతే. పిల్లలు ఉండే హోమ్ అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది లేకుండా నడుపుతుంటే మేం ఇవ్వం, ఈ ఒక్క విషయంలో జాలి చూపించం. అక్కడి పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారో చైల్డ్ వెల్ఫేర్ కమిటీకి తెలియాలి, అది ఆ పిల్లల రక్షణ కోసం పెట్టింది.

తర్వాత వెళ్లి కూర్చోవడం. చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి వెళ్తాం. చెప్పకుండా వెళ్లినప్పుడు వంటగది, బాత్రూములు చూపించమంటాం. ఆఫీసు గది అందరూ బాగానే పెడతారు, బాత్రూములో నీళ్లు వస్తున్నాయా, జారిపోకుండా పట్టుకోవడానికి కడ్డీ ఉందా, మంచం మీదే ఉండే ముసలివాళ్ల వీపు మీద పుళ్లు పడ్డాయా, ఇవి చూస్తే ఆ సంస్థ ఏంటో తెలిసిపోతుంది. పిల్లలు ఆయాని చూసి దగ్గరికి వస్తున్నారా, దూరం జరుగుతున్నారా అన్నది కూడా. వీధిలో పక్కింటివాళ్లని, పాలవాడిని, కిరాణా కొట్టతన్ని అడుగుతాం. ఈ పని ఎప్పుడూ ఇద్దరు కలిసి వెళ్లి చేస్తారు, వాళ్లలో ఒకళ్లు తప్పనిసరిగా ఆడవాళ్లు ఉంటారు, ఎందుకంటే అక్కడున్న ఆడపిల్లలు, పెద్దావిడలు మగవాళ్ల ముందు ఏం చెప్పరు.

పుట్టినరోజుకి భోజనం పెట్టిస్తాం కదా, అది సరిపోదా?

పెట్టించండి, తప్పకుండా పెట్టించండి, మేం వద్దనడం లేదు. కానీ అక్కడ ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 1, ఏదైనా పెద్ద సినిమా హీరో పుట్టినరోజు వచ్చిందంటే ఒకే ఆశ్రమానికి ముగ్గురు నలుగురు భోజనాలు తీసుకొస్తారు. మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం కేకు, రాత్రి మళ్లీ బిర్యానీ. షుగరున్న పెద్దాయన స్వీటు వద్దంటే ఇచ్చేవాళ్లు నొచ్చుకుంటారని తినేస్తాడు, పిల్లలు ఫోటో కోసం ఆకలితో గంటసేపు వరసలో కూర్చుంటారు. మర్నాడు పొద్దున్న ఉప్మా రవ్వ లేకపోతే అడిగే నాథుడు ఉండడు.

భోజనం పెట్టడంలో తృప్తి ఉంది, కళ్లతో చూస్తాం, ఎదురుగా తింటారు. కరెంటు బిల్లు కట్టడంలో ఆ తృప్తి లేదు, అందుకే ఎవరూ కట్టరు. మంచం మీద ఉండేవాళ్లకి కావాల్సిన పెద్దల డైపర్లు, ఆడపిల్లలకి ప్యాడ్లు, దోమలకి కిటికీ జాలీలు, ఇన్వర్టర్ బ్యాటరీ, గ్యాస్ సిలిండర్లు, ఫిజియోథెరపీ చేసే అమ్మాయికి జీతం, ఇలాంటివాటికి ఎవరి పుట్టినరోజూ రాదు. మా గ్రూపు ఉన్నదే ఈ ఖాళీ పూడ్చడానికి. అందుకే సంస్థని మేం అడిగే మొదటి ప్రశ్న, మీకు ఎవరూ ఇవ్వనిది ఏంటండి అని. మొదట మొహమాటపడతారు, ఏదైనా పర్లేదండి మీ ఇష్టం అంటారు. రెండోసారి అడిగితే నిజం చెప్తారు.

భోజనమే పెట్టించాలని మనసుంటే ముందు ఫోన్ చేసి ఖాళీగా ఉన్న రోజు కనుక్కోండి. మామూలు మంగళవారం, నెలాఖరు రోజుల్లో అయితే వాళ్లకి నిజంగా సాయం. లేదా ఆ డబ్బుకి బియ్యం, కందిపప్పు, నూనె కొనిచ్చేయండి, వాళ్లకి కావాల్సినప్పుడు వండుకుంటారు.

మేం ఇచ్చిన డబ్బు జీతాలకి పోతే ఎలా? పేదలకి పోవాలి కదా?

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. మంచం మీద ఉన్న మనిషిని రోజుకి నాలుగుసార్లు తిప్పి పడుకోబెట్టేది, ఒళ్లు తుడిచేది, రాత్రి రెండింటికి లేచి మంచినీళ్లు ఇచ్చేది ఆ జీతం తీసుకునే ఆయానే. ఆవిడ లేకపోతే ఆశ్రమం లేదు. ఆవిడా పేద మనిషే, ఆవిడకీ పిల్లలున్నారు. సేవ కదా అని తక్కువ జీతానికి చేయమంటే మూడు నెలల్లో వెళ్లిపోతుంది, కొత్తావిడ వస్తుంది, పనితెలిసేసరికి ఆవిడా వెళ్లిపోతుంది, మధ్యలో నలిగేది మంచం మీదున్నవాళ్లు. మేం ఇచ్చేదాంట్లో జీతాలకి వెళ్లేదే ఎక్కువ, గర్వంగానే చెప్తాం. మేం చూసేది నడిపేవాళ్లు సొంతానికి ఎంత తీసుకుంటున్నారు, అది రాతపూర్వకంగా ఉందా అన్నది.

మా గ్రూపుకి మాత్రం ఖర్చులు లేవు, వెళ్లొచ్చే పెట్రోలు ఎవరిది వాళ్లదే.

80జి రసీదు వస్తుందా?

మీరు నేరుగా సంస్థకే పంపుతున్నారు కాబట్టి, ఆ సంస్థకి 80జి, అంటే ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు దొరికే గుర్తింపు, ఉంటే రసీదు మీ పేరు మీదే వస్తుంది. డబ్బు ఒకరి దగ్గర పోగేసి ఒకేసారి పంపితే రసీదు ఆ పంపినవాళ్ల పేరు మీదే వస్తుంది, మిగతావాళ్లకి ఏమీ ఉండదు, మా పద్ధతిలో ఇదొక లాభం. పాన్ నంబరు సంస్థకి ఇవ్వాలి, ఆర్థిక సంవత్సరం అయ్యాక వాళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి విరాళాల వివరాలు ఫైల్ చేసి మీకు సర్టిఫికెట్ ఇస్తారు, మామూలుగా మే 31 లోపల. అది లేకుండా ఉత్త రసీదు చూపించి మినహాయింపు అడిగితే కుదరదు. క్యాష్‌గా ఇచ్చింది రెండు వేలు దాటితే ఆ మొత్తానికీ మినహాయింపు లేదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి, జనం నోట్లో ఇంకా 80జి అనే ఉంది, మీ ఆడిటర్ గారిని ఒకసారి అడగండి.

ఇంకోటి, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి ఈ మినహాయింపు అసలు వర్తించదు. పాత విధానంలో ఉన్నవాళ్లకి కూడా మామూలు సంస్థలకి ఇచ్చినదాంట్లో సగానికే మినహాయింపు. అంటే ఏడాదికి 2,400 ఇస్తే 1,200 మీద, ఇరవై శాతం స్లాబులో ఉంటే మీకు మిగిలేది సుమారు రెండొందల యాభై. దానికోసం చేరేవాళ్లు ఎవరూ ఉండరనుకోండి, అడిగారు కాబట్టి చెప్తున్నాం. 80జి లేని చిన్న సంస్థలకి కూడా మేం ఇస్తాం, ఎందుకంటే నిజంగా ఇబ్బంది పడేవాళ్లలో చాలామందికి ఆ కాయితాలు చేయించుకునే స్తోమత ఉండదు. అలాంటి నెలలో ముందే చెప్తాం.

మీరే ఒక ట్రస్టు పెట్టొచ్చు కదా?

పెట్టొచ్చు. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ ఆ తర్వాత ఏటా ఆడిట్లు, ఫైలింగులు, కమిటీ ఎన్నికలు, ప్రెసిడెంట్ ఎవరు సెక్రటరీ ఎవరు అన్న పేచీ. మేం చేసే పనికి అవేం అక్కర్లేదు. ఇప్పటికే కష్టపడుతున్న సంస్థలు ఊళ్లో ఉండగా మనం ఇంకోటి పెట్టి వాళ్లకి పోటీగా చందాలు అడగడం కన్నా, ఉన్నవాళ్లని నిలబెట్టడం మేలని మా నమ్మకం.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, వాడు పంపొచ్చా?

వాడి పాస్‌పోర్టు ఏదో చెప్పండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఎక్కడున్నా సరే, తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు, విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ అకౌంట్ల నుంచి పంపొచ్చు. అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నవాళ్లు ఇస్తే మాత్రం అది విదేశీ విరాళమే, సెలవులకి ఇక్కడికి వచ్చి రూపాయల్లో చేతికి ఇచ్చినా సరే విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. మేం ఇచ్చే చిన్న సంస్థల్లో దాదాపు ఎవరికీ అది ఉండదు, తెలియక తీసుకుంటే రేపు వాళ్లకే కేసు. దయచేసి మొహమాటపెట్టకండి. బాబుకి అంత మనసుంటే ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థలకి నేరుగా ఇవ్వమనండి.

ఇచ్చినప్పుడు పిల్లల ఫోటోలు గ్రూపులో ఎందుకు పెట్టరు?

పెట్టం, మీరు వెళ్లినా తియ్యకండి. హోముల్లో ఉండే పిల్లల మొహం, పేరు, చదివే స్కూలు బయటికి తెలిసేలా ప్రచురించడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం, ఆరు నెలల జైలు దాకా, రెండు లక్షల జరిమానా దాకా ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, నోట్‌బుక్ అందుకుంటూ తల వంచుకున్న ఫోటో పదేళ్ల తర్వాత ఆ పిల్ల ఉద్యోగంలో చేరినప్పుడు ఎవరి ఫోన్లోనో ఉండటం మీకు ఇష్టమేనా? మేం బిల్లుల ఫోటోలు పెడతాం, బిగించిన గీజరు ఫోటో పెడతాం, బియ్యం బస్తాలు, కట్టిన కరెంటు బిల్లు పెడతాం. ముసలివాళ్ల విషయంలో కూడా అంతే, వాళ్ల కొడుకులు కోడళ్లు ఊళ్లోనే ఉంటారు, చూసి గొడవ చేస్తారని వాళ్లు భయపడతారు.

నా పేరు ఎవరికీ తెలియకూడదు, గుప్తదానంగా ఇవ్వొచ్చా?

గ్రూపు షీట్‌లో పేరు బదులు నంబరు పెట్టుకోవచ్చు, కొంతమంది అలాగే ఉన్నారు. సంస్థకి మాత్రం మీ పేరు తెలుస్తుంది, వాళ్లు లెక్కల్లో రాసుకోవాలి కదా.

మా పక్కింటాయనకి ఆపరేషన్, లక్షలు కావాలి, గ్రూపు నుంచి ఇవ్వగలరా?

ఇలాంటి మెసేజ్ వచ్చినప్పుడు కాదనడం చాలా కష్టంగా ఉంటుంది. కానీ ఒక్కొక్కరి వైద్య ఖర్చులు మేం తీసుకోం, ఒకరికిచ్చి ఇంకొకరికి లేదనడం మా వల్ల కాదు, పైగా మేం నెలనెలా ఇచ్చే డబ్బులు ఆశ్రమాలకి ఇస్తామని మాటిచ్చినవి. బదులుగా దారి చూపించడంలో మాత్రం పూర్తిగా సాయపడతాం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అని పిలుస్తున్న పథకంలో ఆ జబ్బు ఉందో లేదో ముందు చూడాలి, ఆ పథకం వర్తించే హాస్పిటల్లో హెల్ప్ డెస్కు ఉంటుంది, అక్కడ అడిగితే చెప్తారు. అందులో లేకపోతే ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అప్లై చెయ్యొచ్చు. మా గ్రూపులో ఈ కాయితాలు బాగా తెలిసినవాళ్లు ఇద్దరున్నారు, పక్కన కూర్చుని రాయిస్తారు. ఒక్కోసారి డబ్బు కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

ఎవరైనా సొంతంగా ఇవ్వాలనుకుంటే హాస్పిటల్ పేరు మీద, పేషెంట్ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు రాసి, హాస్పిటల్ అకౌంట్లోనే కట్టండి.

వరదలొస్తే ఏం చేస్తారు?

గోదావరి పక్కన ఉంటూ ఈ ప్రశ్న అడగకుండా ఎలా ఉంటారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, దాన్నిబట్టి ఊహించుకోండి. అక్కడి నీళ్లు ధవళేశ్వరం చేరడానికి కొంత టైం పడుతుంది, ఆ టైమే మనకి ముఖ్యం. భద్రాచలంలో రెండో హెచ్చరిక ఇవ్వగానే అత్యవసర నిధి వాడొచ్చు అని ముందే తీర్మానం చేసి పెట్టుకున్నాం, అప్పటికప్పుడు ఓటింగ్ అనుకుంటూ కూర్చోం.

మొదటి మూడు రోజులు గవర్నమెంటు, పెద్ద సంస్థలు, టీవీ చూసి కదిలినవాళ్లు అందరూ వస్తారు, పులిహోర పొట్లాలకి కొదవుండదు. రోడ్డు పక్కన ఉన్న ఊరికే పదిసార్లు అందుతుంది, పడవెక్కి వెళ్లాల్సిన లంకకి, అంటే గోదావరి మధ్యలో ఉన్న దిబ్బ మీది ఊరికి, అందదు. మేం ఆ లంకల్లో పనిచేసే లోకల్ వాళ్లని ముందు అడుగుతాం. ఎక్కువగా అడిగేవి టార్పాలిన్లు, దోమతెరలు, చాపలు, కొవ్వొత్తులు, పాలపొడి, పశువులకి దాణా. అవును, దాణా, గేదె పోతే ఆ ఇంటికి ఏడాది ఆదాయం పోయినట్టే, దాని గురించి టీవీలో ఎవరూ చెప్పరు. నీళ్లు తీశాక రెండు మూడు వారాలకి అందరూ మర్చిపోతారు, అసలు మా పని అప్పుడు మొదలవుతుంది, బ్లీచింగ్, బావులు తోడించడం, తడిసిపోయిన పుస్తకాల బదులు కొత్తవి.

పాత బట్టలు, పాత బొమ్మలు తీసుకుంటారా?

తీసుకోం. మీరు మీ ఇంట్లో పిల్లలకి వేస్తారా అన్నది ఒక్కసారి ఆలోచించి, వేస్తాం అనుకుంటే ఉతికి ఇస్త్రీ చేసి, సైజు రాసి, సంస్థకి ఫోన్ చేసి కావాలంటేనే ఇవ్వండి.

మతం, కులం, పార్టీ ఏమైనా చూస్తారా?

చూడం. గుడివాళ్లు నడిపే ఆశ్రమానికీ, చర్చివాళ్లు నడిపే హోముకీ, మసీదు కమిటీ నడిపే బడికీ అందరికీ ఒకటే కొలత, అక్కడున్నవాళ్లని ప్రార్థన చెయ్యమని, పూజ చెయ్యమని బలవంతపెట్టకూడదు, వచ్చినవాళ్లని మతం అడిగి వెనక్కి పంపకూడదు. ఎలక్షన్ల ముందు ఏ నాయకుడి చేతులమీదుగానూ ఏదీ ఇప్పించం.

ఒక నెల ఇవ్వలేకపోతే?

ఇవ్వలేదని ఎవరూ అడగరు. షీట్‌లో ఖాళీగా వదిలేయండి. ఉద్యోగం పోయి ఏడాది ఇవ్వలేనివాళ్లు కూడా గ్రూపులో ఉన్నారు, వాళ్ల ఓటు అలాగే ఉంది. ఎక్కువ ఇస్తామనేవాళ్లకి ఒక మాట, నెలకి వెయ్యి దాటి తీసుకోవద్దని సంస్థలకి చెప్పాం, గ్రూపు తరఫున అంతకన్నా ఎక్కువ ఇస్తే ఇచ్చినవాళ్ల మాటకి తెలియకుండానే బరువు పెరుగుతుంది. విడిగా ఎంతైనా ఇచ్చుకోండి.

డబ్బులు ఇవ్వలేను, ఇంకేదైనా చెయ్యొచ్చా?

చాలా ఉన్నాయి. చిన్న సంస్థలకి లెక్కలు రాసేవాళ్లు లేరు, నెలకి ఒక పూట కూర్చుని రసీదులు ఎక్కించి పెడితే వాళ్లకి ఎంత బరువు తగ్గుతుందో. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, నర్సులు, టీచర్లు అయితే మేమే మీ వెంట పడతాం.

రక్తం ఇవ్వగలిగితే ఇవ్వండి. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని జబ్బు) ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, జీవితాంతం. ఎండాకాలంలో కాలేజీలకి సెలవులిస్తారు, క్యాంపులు తగ్గిపోతాయి, బ్లడ్ బ్యాంకులు ఖాళీ అవుతాయి, పిల్లల అవసరం మాత్రం తగ్గదు. మగవాళ్లు మూడు నెలలకి, ఆడవాళ్లు నాలుగు నెలలకి ఒకసారి ఇవ్వొచ్చు. మేం మా సభ్యుల్ని నెలల వారీగా పంచి లిస్టు వేశాం, ఏప్రిల్, మే నెలలకి పేరిచ్చేవాళ్లు ఎప్పుడూ తక్కువే, ఆ రెండు నెలలకి ముందుకి రండి.

గ్రూపు పేరుతో ఎవరైనా డబ్బులడిగితే?

ఫోన్ చేసి అడిగేది మేం కాదు. అకౌంటు వివరాలు అడ్మిన్లు మాత్రమే, ఆఖరి ఆదివారం రాత్రి మాత్రమే పెడతారు, నెల మధ్యలో అకౌంట్ మారిందని మెసేజ్ వస్తే ఎవరిదైనా సరే నమ్మకండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక పైన వచ్చే పేరు సంస్థదేనా చూసుకుని పిన్ కొట్టండి. రిఫండ్ ఇస్తాం పిన్ కొట్టండి అంటే మోసమే, డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

సంస్థ తప్పు చేసిందని తెలిస్తే?

ముందు వాళ్లనే అడుగుతాం, రాతలో. లెక్కల్లో అజాగ్రత్త అయితే సరిచేసుకోవడానికి టైం ఇస్తాం, కావాలంటే మావాళ్లే వెళ్లి కూర్చుని సరిచేస్తారు, చిన్న సంస్థల్లో ఎక్కువగా ఉండేది ఇదే. పిల్లల్ని కొట్టినట్టు, వేధించినట్టు అనుమానం వచ్చినా మాత్రం టైం ఇవ్వడాలు లేవు, అదే రోజు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్, పెద్దవాళ్ల విషయమైతే వాళ్ల హెల్ప్‌లైన్ 14567. డబ్బు ఆపడం గురించి తర్వాత మాట్లాడుకుంటాం.

మా ఊళ్లో కూడా ఇలాంటిది మొదలుపెట్టాలంటే?

మొదలుపెట్టండి, మా పద్ధతులన్నీ తీసుకోండి. పది మందితో చాలు, ఒకరినొకరు ఎరిగినవాళ్లు అయితే మంచిది. 1990ల్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మాన్పించాక రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు, ఈ రోజు ఊరూరా కనిపించే పొదుపు సంఘాలకి అలాంటి చోట్లే నాంది. మీ ఊళ్లో పొదుపు సంఘం నడిపిన అక్కయ్యలు ఎవరైనా ఉంటే వాళ్లని తప్పకుండా కలుపుకోండి, పుస్తకం రాయడం, నలుగురిలో లెక్క చదివి వినిపించడం వాళ్లకి వచ్చినట్టు మనకి రాదు.

మొదటి నెలే డబ్బు ఇవ్వకండి. మొదటి నెలంతా ఊళ్లో ఏ ఏ సంస్థలున్నాయో తిరిగి చూడండి, ఒక్కో చోట గంట కూర్చోండి, వాళ్లకి దేనికి ఇబ్బందిగా ఉందో రాసుకోండి. రెండో నెల ఒక్క సంస్థతో మొదలుపెట్టి ఆరు నెలలు దాంతోనే ఉండండి. షీట్ నమూనా, సంస్థని అడగాల్సిన ప్రశ్నల లిస్టు కావాలంటే అడ్మిన్లలో ఎవరికైనా మెసేజ్ పెట్టండి, ఆ రోజే పంపిస్తాం.